పెట్టిన చేతికి "వద్దు" చెప్పొచ్చా? యెరెవాన్‌లో తిన్న ఉప్పు గురించి

యెరెవాన్_మూడోఏడు:
ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నాను, ఊరు ఖమ్మం దగ్గర. రెండు సంగతులు చెప్తాను. తప్పు నాదో కాదో మీరే తేల్చండి.

మొదటి ఏడాది ఒక సీనియర్ అన్న మమ్మల్ని పదిమందిని ఖొరొవాత్స్‌కి పిలిచాడు. ఇనుప చువ్వలకు మాంసం గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు, దాని పేరు అది. పక్కనే వంకాయలు, టమాటాలు, మిరపకాయలు తొక్క నల్లబడేదాకా కాలుస్తారు. ఆ వంకాయ వాసనకి ఇంటి దగ్గర కాల్చిన వంకాయ పచ్చడి గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అని చెప్పి తప్పించుకున్నా. నాలుగు రోజులు గడిచాక ఫోన్ చేశాడు: "మీ ఊళ్లో ఇంటర్ కాలేజీ జూనియర్లు ముగ్గురిని నా దగ్గరికి పంపు తమ్ముడూ." అడ్మిషన్‌కి ఇంత అని అతనికి కమీషన్ వస్తుంది. నేను నాన్చాను. "నా ఉప్పు తిని ఇప్పుడు నీళ్లు నములుతున్నావా?" అన్నాడు. తర్వాత చూస్తే, నేను చువ్వ పట్టుకుని నవ్వుతున్న ఫోటో అతని ప్రకటనలో ఉంది.

రెండోది మా ఇంటి ఓనరు సంగతి. ఆమెని తాతిక్ అంటాం, అంటే మామ్మ. నేను ఆలస్యంగా వస్తే తలుపు కొట్టి "ఆరి హత్స్ ఉతెంక్" అంటుంది. మాటకి మాట చూస్తే "రా, రొట్టె తిందాం". మనం అన్నం తిన్నావా అంటే అన్నం ఒక్కటే కాదుగా, అలాగే. మొన్న వాళ్లబ్బాయి పుట్టినరోజుకి నా ముందు వోడ్కా గ్లాసు పెట్టారు. వద్దన్నాను. బల్ల దగ్గర ఒక్క క్షణం అందరూ ఆగిపోయారు. ఆమె మొహం చూసి రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు చోట్లా తిన్నాను, రెండు చోట్లా కాదన్నాను. నేను విశ్వాసం లేనివాడినా?

గుంటూరు_తల్లి:
బాబూ, మా అమ్మాయి కూడా అక్కడే రెండో ఏడు. ఆ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టకు. తాతిక్ చిన్నబుచ్చుకుంది, అంతే. ఆయన బిల్లు పంపాడు.

లెక్క_లెక్కే:
అందరూ తిట్టే ముందు నా మాట వినండి. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. అర్ధరాత్రి ఎయిర్‌పోర్టుకెళ్లి పిల్లల్ని తెచ్చుకోవడం, గది చూడటం, పోలీసు రిజిస్ట్రేషన్ కాగితాలు, పప్పు ఎక్కడ దొరుకుతుందో చూపించడం, ఇవన్నీ ఊరికే అవుతాయా? మన పెళ్లిళ్లలో బంతి భోజనం పెట్టి పక్కనే చదివింపుల పుస్తకం తెరుస్తాం. ఎవరు ఎంత చదివించారో ఇరవై ఏళ్ల తర్వాత కూడా తీసి చూస్తాం. లెక్క లేని అన్నం ఎక్కడుంది? మీకు చేదు అనిపించేది డబ్బు, మాంసం కాదు.

గుంటూరు_తల్లి:
చదివింపుల పుస్తకం అందరి కళ్లెదుటే ఉంటుంది నాయనా. గదికి ఇంత, కాగితాలకి ఇంత అని నువ్వు ముందే చెబితే మేం ఇస్తాం. కూలి అడగడానికి సిగ్గుపడి విందు అని పిలిచారు చూడు, అక్కడుంది తంటా. పైగా పద్దెనిమిదేళ్ల పిల్లాడి చేత ఇంకో పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఫోన్ చేయించడం! రేపు ఆ పిల్లాడికి ఇక్కడ సరిపడకపోతే వాడి తల్లిదండ్రులు తిట్టేది ఆ అన్నని కాదు, ఫోన్ చేసినవాడిని.

గ్లెండేల్_నుంచి:
లాస్ ఏంజెలెస్ పక్కన గ్లెండేల్‌లో ఉంటాం. మా వీధిలో సగం ఆర్మేనియన్ ఇళ్లే. వాళ్లకీ "అఘ్ ఉ హత్స్" అనే మాట ఉంది, ఉప్పూ రొట్టే. కలిసి ఉప్పూ రొట్టే తిన్నవాళ్లు ఒకరికొకరు ద్రోహం చేయకూడదంటారు. మీ అన్న ఆ మాటని తలకిందులు చేశాడు. ఉప్పు ఇద్దరినీ కట్టేస్తుంది, తిన్నవాణ్ణి ఒక్కడినే కాదు. ఫోటో వాడుకున్నప్పుడు ఉప్పు మరిచింది ఎవరు?

వోడ్కా సంగతికొస్తే, అక్కడ మీరు చేసిన చిన్న పొరపాటు గ్లాసుని పక్కకి తోయడం అనుకుంటాను. విందులో తమదా అని ఒకాయన ఉంటాడు. చనిపోయినవాళ్లకి, తల్లిదండ్రులకి, వచ్చిన అతిథికి, ఒక్కొక్కరి పేరున మాట్లాడి "కెనాత్స్" అని గ్లాసెత్తిస్తాడు. అందులో ఏముందో నేను కూర్చున్న బల్లల దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. మా ఆవిడ పదేళ్లుగా దానిమ్మ రసంతోనే ఎత్తుతోంది. ఖాళీ చేత్తో కూర్చుంటేనే మాట మధ్యలో లేచి వెళ్లినట్టు ఉంటుంది.

మొహమాటం_లేదు:
రసంతోనైనా ఎందుకెత్తాలి? "మా సంస్కృతి, కాదనకూడదు" అని మెడ మీద కూర్చోవడం కూడా లొంగదీసుకోవడమే. తాతిక్ అయితే ప్రేమ, సీనియర్ అయితే మోసమా? తినమని నాలుగోసారి బలవంతం చేసే మా మేనత్తా అంతే.

పాతబస్తీ_పిల్లగాడు:
మేనత్తని ఇందులకి లాగకు అన్నా. నేనొకటి చెప్త. మా దిక్కు బార్కస్‌ల పొద్దుగాల హరీస్ దొరుకుతది, గోధుమలు, మాంసం, నెయ్యి. మన హలీంకి అది పెద్దన్న లెక్క. ఆర్మేనియాల గూడ హరీసా అనే ఉంటదని తెల్సినప్పుడు నేను పరేషాన్ అయిన. మసాలా ఉండదు, గోధుమలు, మాంసం, ఉప్పు, రాత్రంతా కలుపుడే. 1915ల, ఇప్పటి టర్కీల ఉన్న ముసా దాగ్ కొండ మీదికెక్కి ఒట్టోమన్ సైన్యాన్ని ఆపిన ఆర్మేనియన్ల గుర్తుగ, ఆర్మేనియాల ముసాలేర్ అనే ఊర్ల ప్రతి సెప్టెంబర్‌ల పెద్ద పెద్ద గంగాళాలల్ల వండి, డోలు, సన్నాయి లాంటి జుర్నా వాయించుకుంట వచ్చినోళ్లందరికి పోస్తరు. పైసల్ లేవు, పేరడుగరు. గట్ల పెట్టేది వేరు, పెట్టి పట్టుకునేది వేరు.

మొహమాటం_లేదు:
హరీసా మాదంటే మాదని పక్క దేశాలు కొట్టుకుంటాయి కదా. లవాష్ రొట్టెని 2014లో ఆర్మేనియా పేరున యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో పెట్టారు. 2016లో అజర్‌బైజాన్, ఇరాన్, టర్కీ, ఇంకో రెండు దేశాలు కలిసి లవాష్ పేరు కూడా చేర్చి మళ్లీ ఇంకోటి ఎక్కించాయి. తిండితో జనాన్ని తమవైపు లాక్కునే పని ప్రభుత్వాలే చేస్తుంటే ఒక సీనియర్ ఎంత?

యెరెవాన్_మూడోఏడు:
ఆ గొడవ నిజమే. కానీ లవాష్ కాల్చేచోట ఒక్కసారి నిలబడి చూడండి. నేలలో పాతిన మట్టి పొయ్యి, తోనిర్. ఒకామె పిండి ఒత్తుతుంది, ఇంకొకామె దాన్ని గాల్లో తిప్పి సాగదీసి ఒక మెత్త మీద పరిచి పొయ్యి గోడకి చరుస్తుంది. అర నిమిషమో ఎంతో, కొక్కెంతో లాగేస్తారు. నేను చూస్తూ ఉంటే మొదటి రొట్టె నా చేతిలో పెట్టారు. ఏ జాబితా సంగతీ ఎత్తలేదు. "ఏ ఊరు?" అని మాత్రం అడిగారు.

మొహమాటం_లేదు గారికి ఇంకో మాట. మీరు అడిగింది న్యాయమే, అందుకే ఆదివారం తాతిక్‌ని సూటిగా అడిగాను, నేను తాగనంటే మీకు కోపం వచ్చిందా అని. "ఆకలేసి కూడా మొహమాటపడుతున్నావనుకున్నా" అంది. తర్వాత అదే చిన్న వోడ్కా గ్లాసు తెచ్చి అందులో తాన్ పోసింది. తాన్ అంటే ఉప్పు వేసిన మజ్జిగే. "కెనాత్స్" అన్నాను. నవ్వి "త్సావ్ద్ తానెమ్" అంది, నీ నొప్పి నేను తీసుకుంటాను అని. మా నాయనమ్మ మెటికలు విరిచినప్పుడు అనేది దాదాపు ఇదే.

అన్నకి ఫోన్ చేసి, ఆ రోజు నా వంతు ఎంతయిందో చెప్పు, పంపిస్తాను, ఫోటో తీసెయ్ అన్నాను. "నీతో డబ్బులు తీసుకుంటానా, నువ్వు నా తమ్ముడివి" అన్నాడు. ఫోటో మాత్రం ఇంకా ఉంది.

లెక్క_లెక్కే:
వంతు ఇస్తానన్నా తీసుకోలేదా? అయితే నేను వెనక్కి తగ్గుతున్నాను. అప్పు తీరడం అతనికి ఇష్టం లేదు. ఆ పేజీలోనే ఫోటో మీద రిపోర్ట్ కొట్టు, నా ముఖం, నా అనుమతి లేదు అని రాయి. నేను కూడా కొడతాను.

గుంటూరు_తల్లి:
నేనూ కొడతాను, మా అమ్మాయి చేత కొట్టిస్తాను. అది సరే కానీ బాబూ, మా అమ్మాయి ఏదో ఆకుని జడలా అల్లి ఎండబెడతారని చెప్పింది, గోంగూరలా ఉంటుందట. ఏమిటది?

యెరెవాన్_మూడోఏడు:
అవెలుక్ అండీ. కొండల మీద పెరిగే చుక్కకూర లాంటిది. ఆడవాళ్లు నిజంగానే జడలు అల్లి వేలాడదీస్తారు, ఎండితే చేదు తగ్గుతుంది. ఉడికించి మొదటి నీళ్లు పారబోసి, వెల్లుల్లి, అక్రోటు వేస్తారు. గోంగూర అనుకుని తింటే నిరాశే. తాతిక్ నాకో జడ ఇచ్చింది, గది తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. సెలవులకి వచ్చినప్పుడు ఎండు గోంగూర తెస్తానని మాటిచ్చాను. ఆమె అడగలేదు.