గంటసేపు బాగానే నడిచి, నడిరోడ్డు మీద ఆగిపోతున్న కారు: ఏ భాగాన్ని అనుమానించాలి?

సూర్యాపేట బాటసారి:
నాది 2014లో కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 86,000 కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై నెల రోజుల్లో మూడుసార్లు, ప్రతిసారీ గంటకు పైగా నడిచిన తర్వాతే, ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది. ముందుగా మిస్సింగ్ లేదు, జర్కులు లేవు. సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది గాని ఇంజిన్ అందుకోదు. ఇరవై నిమిషాలు నీడన ఉంచితే మాత్రం ఏమీ ఎరగనట్టు ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు చేరేసరికి బండి మామూలుగానే ఉంటోంది కనుక మెకానిక్ ఎదుట ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, చివరికి ట్యాంకులోని పెట్రోలు పంపు కూడా మార్చారు. పదకొండు వేల రూపాయలు ఖర్చయ్యాయి, మొన్న కోదాడ దాటాక బండి మళ్లీ ఆగింది. ఇంజిన్ లైటు వెలగడం లేదు. ఇక మార్చవలసింది ఏమిటి?

డీజిల్ బండి:
నా అనుభవం చెబుతాను. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గి, కాసేపు ఈడ్చుకుంటూ నడిచి, ఆ తర్వాత ఆగిపోయేది. డీజిల్ ఫిల్టరు అడుగునున్న స్క్రూ వదులు చేసి చూస్తే దాదాపు అర గ్లాసు నీరు వచ్చింది. ఫిల్టరు మార్చి, చేతి పంపుతో గాలి తీసేశాక సమస్య పోయింది. మీరు కూడా ఇంధనం వైపే చూడండి.

పాత స్పానరు:
నేను ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఏం మార్చాలని అడగడానికి ముందు, ఇంజిన్ ఎలా ఆగిందో గుర్తు చేసుకోవాలి. డీజిల్ బండి గారు చెప్పింది నిజమే గాని అది వేరే జబ్బు. ఇంధనం అందకపోతే ఇంజిన్ సాధారణంగా ఆయాసపడుతూ, తడబడుతూ ఆగుతుంది. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగిందంటే కరెంటు వైపు, ముఖ్యంగా ఇంజిన్ తిరుగుతున్న సంగతిని దాని కంప్యూటరుకు తెలిపే క్రాంక్ సెన్సర్‌ను, దాని తీగలను, ఇంజిన్ కంప్యూటరుకు కరెంటు అందించే మెయిన్ రిలేను, బ్యాటరీ టెర్మినళ్లను చూడాలి.

ఒక గుర్తు చెబుతాను. బండి గేరులో ఉండి, క్లచ్ తొక్కకుండా దొర్లుతున్నప్పుడు ఇంజిన్ ఆగినా చక్రాలు దాన్ని తిప్పుతూనే ఉంటాయి. ఆ సమయంలో ఆర్‌పీఎం ముల్లు వేగంతో పాటు మెల్లగా దిగితే సెన్సర్ పనిచేస్తున్నట్టే. బండి కదులుతుండగానే ముల్లు టక్కున సున్నాకు పడితే, ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటరుకు తెలియడం లేదన్నమాట. మీ ముల్లు ఎలా పడింది?

సిగ్నల్ దగ్గర:
నా కారు కూడా ఆగేది, కాని ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలిపినప్పుడు మాత్రమే. ఇంజిన్‌కు గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలో పేరుకున్న కార్బన్‌ను శుభ్రం చేయించాక మళ్లీ ఆగలేదు.

పాత స్పానరు:
అది ఐడిలింగ్ సమస్య, అంటే బండి నిలిపి ఉంచినప్పుడు ఇంజిన్ నడిచే తీరుది, ఎనభై వేగంలో ఆగడానికి దానితో సంబంధం తక్కువ.

సూర్యాపేట బాటసారి:
మీరు అడిగాక గుర్తుకు వచ్చింది. మూడుసార్లూ ముల్లు ఒక్కసారిగా సున్నాకే పడింది, బండి మాత్రం ఇంకా దొర్లుతూనే ఉంది. నేను గాబరాపడి బ్రేకును పదేపదే తొక్కాను, నాలుగోసారికి అది రాయిలా గట్టిపడింది.

పాత స్పానరు:
అలా తొక్కకూడదు. ఇంజిన్ ఆగాక, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది కనుక, ఒకే ఒత్తిడితో నిలకడగా తొక్కాలి. స్టీరింగ్ బరువెక్కుతుంది, అయినా తిరుగుతుంది. బండి పూర్తిగా నిలిచేదాకా తాళం చెవిని తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. హజార్డ్ లైట్లు వేసి పక్కకు చేరాక, జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయవచ్చు.

ఇక మీ బండి విషయం. క్రాంక్ సెన్సర్ లోపలి సన్నని కాయిల్ తీగ వేడికి సాగి తెగిపోవడం, చల్లారాక మళ్లీ కలవడం మామూలే. సంకేతం రాకపోతే కంప్యూటరు పెట్రోలు పంపును కూడా ఆపేస్తుంది, అందుకే చాలామంది పంపునే తప్పుపడతారు. ఈసారి ఆగినప్పుడు తాళం చెవి తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా వినండి. వెనుక సీటు కింద రెండు సెకన్లు గుయ్యిమని వినిపిస్తే పంపు బతికే ఉంది. తర్వాత సెన్సర్ మీద తడి గుడ్డ వేసి చల్లార్చి, వెంటనే స్టార్ట్ అవుతుందేమో చూడండి, చేతులు కాల్చుకోకుండా. రెండు తీగల సెన్సర్ అయితే వేడి మీద మల్టీమీటరు పెట్టినప్పుడు రెసిస్టెన్స్ అనంతం చూపితే అనుమానం తీరినట్టే. మూడు తీగల రకానికి ఈ కొలత పనికిరాదు. లైటు వెలగకపోయినా, లోపాల కోడ్లు చదివే స్కానరులో పీ0335 అనే క్రాంక్ సెన్సర్ కోడు పెండింగులో ఉండవచ్చు, అది చూడకుండా చెరిపేయనివ్వకండి.

సూర్యాపేట బాటసారి:
నిన్న నార్కట్‌పల్లి దాటాక ఆగింది. పంపు చప్పుడు వినిపించింది. తడి గుడ్డ వేసిన నాలుగు నిమిషాలకే ఇంజిన్ అందుకుంది. షెడ్డులో స్కానర్ పెడితే మీరు చెప్పిన కోడే పెండింగులో ఉంది. సెన్సర్ పద్దెనిమిది వందలు అయింది. విప్పి చూస్తే దాని ప్లగ్గు దగ్గర తీగ తొడుగు కూడా గట్టిపడి పగిలిపోయి ఉండడంతో, ఆ ముక్కను మార్చి వేడి తగలని దారిన కట్టించాను. ఈ ఉదయం బయలుదేరి మధ్యాహ్నపు ఎండలో విజయవాడ దాకా ఆగకుండా వచ్చాను. మెకానిక్ తిరిగి ఇచ్చిన పాత పెట్రోలు పంపు డిక్కీలో ఉంది, దానిలో లోపం ఏమీ లేదనే అనిపిస్తోంది.

పాత స్పానరు:
ప్రెషర్ గేజి పెట్టించి, మీ మోడల్‌కు చెప్పిన ప్రెషర్ నిలకడగా ఉందేమో చూడండి. ఉంటే, గుడ్డలో చుట్టి అట్టిపెట్టుకోండి.