8 అంగుళాల డాబ్ టెలిస్కోపులో ఎం51 గెలాక్సీ సుడి ఆకారం కనబడుతుందా?

డాబామీద: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద 8 అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోపు. నిన్న అర్ధరాత్రి సప్తర్షుల తోక చివర మరీచిని పట్టుకుని ఎం51 దగ్గరికి వెళ్ళాను. రెండు మసక చుక్కలు, అంతే. సుడి కనబడుతుందని విని కొన్నాను. ఎవరైనా నిజంగా చూశారా?

కుప్పం కుర్రోడు: నేను చూశానండి, అదే సైజులో, మా ఊళ్ళో అమావాస్యకి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి అరగంట పట్టింది. సూటిగా కాదు, కాస్త పక్కకి చూడాలి. లోపం టెలిస్కోపుది కాదు, బెంగళూరు వెలుతురుది.

తెల్లారిగట్ల: ఫిల్టర్ పెట్టి చూడండి.

కుప్పం కుర్రోడు: నెబ్యులా (వాయుమేఘాల) ఫిల్టర్ గెలాక్సీకి పెద్దగా పనికిరాదు. గెలాక్సీది నక్షత్రాల వెలుగు.

చుక్కల మాస్టారు: ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 18 అంగుళాల అద్దంతో ఎం51ని చూసి ఉంగరం గీశాడు. 1845లో లార్డ్ రాస్ 72 అంగుళాల అద్దంతో చూశాకే సుడి అని తెలిసింది. మీరు 8తో చూశారా? మీరు చూసింది గుర్తున్న ఫోటోని.

కుప్పం కుర్రోడు: ఆనాటి అద్దాలు లోహానివి. పడ్డ వెలుగులో మూడో వంతు అక్కడే పోయేది, పైగా త్వరగా మసకబారేవి. అంగుళాలు ఒక్కటే లెక్కేస్తే ఎలా?

చుక్కల మాస్టారు: మళ్ళీ అదే! చూడనిది చూశామనడం తప్పు.

కుప్పం కుర్రోడు: అంటే నేను అబద్ధం చెబుతున్నానా? మాట జాగ్రత్త మాస్టారూ.

చుక్కల మాస్టారు: ఇలాంటి మాటలు నమ్మే, సుడి చూపిస్తానని మా లేఅవుట్ పిల్లల్ని పిలిచాను. ఒక పాప చాలాసేపు చూసి "ఏమీ లేదంకుల్" అంది. వెనకవాడు చూస్తూనే "సూపర్" అన్నాడు. అందరూ వాణ్ణి మెచ్చుకున్నారు. నిజం చెప్పిన పాప మళ్ళీ రాలేదు. నా బాధ అంగుళాల గురించి కాదు.

కుప్పం కుర్రోడు: అది ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. మా అమ్మ గెలాక్సీ ఫోటో ఎప్పుడూ చూడలేదు. "పక్కకి చూడమ్మా" అన్నాను, అంతే. ఐదు నిమిషాల తర్వాత "మజ్జిగ చిలికినట్టుందిరా" అంది.

చుక్కల మాస్టారు: ఒక్కరి మాట చాలదు. వచ్చే అమావాస్యకి మీ ఊరొస్తాను. వాళ్ళ నాన్న ఒప్పుకుంటే పాపని కూడా తీసుకొస్తాను. ముందుగా ఎవరూ ఏమీ చెప్పొద్దు. చూసినవాళ్ళు చూసినట్టు కాగితం మీద గీయాలి.

కుప్పం కుర్రోడు: సరే. ఎర్ర టార్చ్ తెండి, తెల్ల లైటు వద్దు.

డాబామీద: నేనూ వస్తా. డాబ్ కారులో పడుతుందా?

తెల్లారిగట్ల: ట్యూబ్ వెనక సీట్లో అడ్డంగా పడుతుంది. బెల్టు పెట్టండి.