ఊరి సేవా సంఘం లెక్కలు బోర్డు మీద ఎలా పెట్టాలి?

ప్రశ్న – లంకకోశాధికారి

అందరికీ నమస్కారమండి. కోనసీమలో ఓ చిన్న సేవా సంఘం. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంది, 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను రాయితీ) ఉన్నాయి. విరాళాలు ఏడాదికి ఐదు లక్షల పైచిలుకు. కొంత హైదరాబాద్ నుంచి, కొంత అమెరికాలో ఉన్న ఊరివాళ్ళ నుంచి వస్తుంది. దింపులప్పుడు (చెట్ల నుంచి కాయలు దించేటప్పుడు) కొందరు కొబ్బరికాయలే ఇస్తారు. ఆడిట్ రిపోర్టు జిరాక్స్ గోడకి అంటించినా "ఇంతకీ లెక్కలేవండీ?" అని అడుగుతూనే ఉన్నారు. బోర్డు మీద ఏం రాయాలి? కాయల్ని ఎలా చూపించాలి? అమెరికా డబ్బు తీసుకోవచ్చా?

జవాబు – చిట్టా_ఆవర్జా

ఆడిట్ రిపోర్టు రాసేది ఆదాయపు పన్ను శాఖ కోసమండి, ఊరి కోసం కాదు. అందులో "విరాళాలు 4,86,000" అని ఒకే లైను ఉంటుంది. అడిగేవాడికి కావాల్సింది తను ఇచ్చిన 500 ఆ లైన్లో ఉందో లేదో. అందుకే మొత్తం పక్కన రసీదు నంబర్లు వేయండి. మచ్చుకి:

ఏప్రిల్ 1 నిల్వ: బ్యాంకు 1,12,400, చేతిలో 3,150.
జమ: విరాళాలు 4,86,000 (రసీదులు 201 నుంచి 318, 244, 290 రద్దు), కాయల అమ్మకం 38,500, బ్యాంకు వడ్డీ 4,210.
ఖర్చు: ఫీజులు 2,10,000, మందులు 1,84,600, ఆయా జీతం 84,000, అద్దె, కరెంటు 30,700, ఆడిట్ ఫీజు 12,000. మొత్తం 5,21,300.
మార్చి 31 నిల్వ: బ్యాంకు 1,19,860, చేతిలో 3,100.

దీని కింద ఇంకో లైను తప్పనిసరి: "పాస్‌బుక్‌లో 1,27,860 ఉంది, మార్చి 29న ఇచ్చిన 8,000 చెక్కు ఇంకా బ్యాంకులో పడలేదు." ఇది లేకపోతే పాస్‌బుక్ చూసిన మొదటి మనిషే ఎనిమిది వేలు దాచారంటాడు. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

రద్దు చేసిన రసీదుని చింపి పారేయకండి. రెండు ప్రతులూ పుస్తకంలోనే ఉంచి అడ్డంగా గీత కొట్టాలి. ఏ పుస్తకం ఎవరి దగ్గరుంది, ఎప్పుడు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగిచ్చారు అని వేరే ఓ పేజీ పెట్టండి. డబ్బు పోయేదానికన్నా సగం వాడిన రసీదు పుస్తకం ఎవరింటి అటక మీదో ఉండిపోవడమే ఎక్కువ.

షాపుల్లో పెట్టిన డిబ్బీలుంటే ఇద్దరు సాక్షుల ముందు తెరిచి, ఏ నోట్లు ఎన్నో రాసి సంతకాలు పెట్టించి, మర్నాడు బ్యాంకులో కట్టేయండి. ఇచ్చినవాళ్ళ పేర్లు లేని డబ్బు ఏడాదిలో లక్ష రూపాయలు, మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, దాటినంత మేరకు 30 శాతం పన్ను పడుతుంది.

జవాబు – ఆడిట్‌పని

పైన చెప్పింది సరైనదే. కాయల సంగతి చెప్తాను. దింపు రోజు తోటలో లెక్కపెట్టిన కాయలు, వ్యాపారి బిల్లులో కాయలు ఎప్పుడూ ఒకటి కావు. చిన్నకాయలు, పాడైనవి పక్కన పెట్టేస్తారు. స్టాకు పుస్తకంలో మూడు అంకెలు రాయండి: వచ్చినవి 1,000, బిల్లయినవి 940, తీసేసినవి 60. ఆ అరవైని ఏం చేశారో కూడా రాయండి, భోజనాలకి వాడినా సరే. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ రేటు రోజూ మారుతుంది కాబట్టి తేదీ ఉన్న బిల్లు వోచరుకి జతచేయాలి. దాతకి "1,000 కాయలు" అనే రసీదు ఇవ్వండి, రూపాయలు వేయకండి. వస్తురూపంలో ఇచ్చినదానికి 80జీ రాదు. రాయితీ కావాలంటే ఆయనే కాయలమ్ముకుని డబ్బు బ్యాంకు ద్వారా పంపాలి. నగదుగా ఇచ్చిన విరాళం 2,000 దాటితే ఆ మొత్తానికీ 80జీ లేదు.

80జీ ఉన్న సంఘం దాతల వివరాలతో ఫారం 10బీడీ మే 31 లోపు వేసి, ఒక్కొక్కరికీ 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకి 200 రుసుము. అసలు వేయకపోతే పదివేల నుంచి లక్ష దాకా పెనాల్టీ కూడా ఉంది. ఎక్కువగా చెడేది పాన్ నంబరు దగ్గరే. ఫోన్లో చెప్తుంటే "బి", "డి" తేడా వినిపించదు. రసీదు రాసేటప్పుడే పాన్ కార్డు ఫోటో తీసుకోండి, మే నెలలో పరుగులుండవు.

ఆదాయం పన్ను పడని పరిమితిని దాటితే ఆడిట్ రిపోర్టు మామూలుగా సెప్టెంబరు 30 లోపు, సంఘం రిటర్ను ఐటీఆర్-7 అక్టోబరు 31 లోపు వేయాలి. ఆడిట్ రిపోర్టుకి మీ స్థాయికి ఫారం 10బీబీ చాలు. విదేశీ విరాళం ఒక్కటున్నా 10బీ అవుతుంది. ఈ ఫారం నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టంవి. 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి ఏ సంవత్సరానికి ఏ ఫారమో మీ ఆడిటరు గారిని అడిగే వేయండి.

జవాబు – గట్టుమీద

వరద చందాల గురించి ఎవరూ చెప్పలేదు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు నుంచే వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్‌లు తిరుగుతాయి. అవి చాలావరకు కార్యదర్శి సొంత ఖాతావి. ఆ డబ్బు తర్వాత సంఘం ఖాతాకి మారినా, 80 మంది ఇచ్చింది ఒకే మనిషి ఇచ్చినట్టు పడుతుంది. ఎవరికీ 10బీఈ ఇవ్వలేరు. క్యూఆర్ సంఘం పేరు మీదే ముందుగా తీసి బోర్డు మీద అంటించి పెట్టండి.

రెండోది, ఆ హడావిడిలో మిల్లు దగ్గర 40,000 బియ్యం నగదుకి కొనేస్తారు. ఒకరికి ఒకే రోజులో పదివేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు సంఘం ఆశయాలకి వెచ్చించినట్టు లెక్కలోకి రాదు. ఆదాయంలో 85 శాతం ఖర్చు చూపించాలనే నిబంధన దగ్గర అది తేలుతుంది. చెక్కో, ట్రాన్స్‌ఫరో చేయండి. కరెంటు పోయినప్పుడు కూడా మిల్లు ఆయన చెక్కు తీసుకుంటాడండి, తెలిసినవాళ్ళేగా.

జవాబు – చిట్టా_ఆవర్జా

అమెరికా డబ్బు మాట మిగిలిపోయింది. చూడాల్సింది మనిషి ఎక్కడున్నాడని కాదు, పాస్‌పోర్టు ఏ దేశానిదని. ఇండియన్ పాస్‌పోర్టున్న ఎన్ఆర్ఐ తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, ఇక్కడికొచ్చి సంక్రాంతికి రూపాయల్లో చేతికిచ్చినా అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు పడాల్సింది ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలో. అది లేకపోతే ఎంత ఆప్తులైనా మర్యాదగా వద్దనండి. ఇండియాలో ఉన్న అన్నదమ్ముల ఖాతా నుంచి తిప్పి పంపించుకోవడం దారి కాదు, ఇంకో తప్పు.

ప్రశ్నికుడు – లంకకోశాధికారి

ఆయ్, చాలా సంతోషమండి. ఒకటే సందేహం. దాతల పేర్లు, సాయం పొందినవాళ్ళ పేర్లు అన్నీ రాసేయమంటున్నారు కొందరు.

జవాబు – ఆడిట్‌పని

దాత ఒప్పుకుంటే పేరు, మొత్తం రాయండి. పాన్, ఆధార్, ఫోను నంబరు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. సాయం పొందినవాళ్ళ పేర్లు మాత్రం అసలు వద్దు. "డయాలసిస్ మందులు, 3 కుటుంబాలు, 61,200" అంటే చాలు. వోచర్లు ఫైల్లో ఉంటాయి, సభ్యుడెవరైనా వచ్చి చూసుకునేలా నెలకో రోజు, టైము బోర్డు మీదే వేసేయండి.

ఇంకోటి, సర్వసభ్య సమావేశం అయ్యాక 15 రోజుల్లోపు కార్యవర్గం జాబితా, తీర్మానం కాపీతో సహా జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. మూడు నాలుగేళ్ళు వదిలేస్తే కొత్త కోశాధికారి సంతకానికి బ్యాంకు ఒప్పుకోదు, పాతాయన సంతకంతోనే చెక్కులు నడుస్తుంటాయి. ముద్రపడిన ఆ కాపీ జిరాక్స్ కూడా లెక్కల పక్కనే అంటించండి.