రోడ్డు పక్క పచ్చ పువ్వు మొక్క పేరు కావాలి, అర్జెంట్

చిన్నమ్మడు: పొద్దున్నించి ఇదే పని. ఫోన్ యాప్‌లో మూడుసార్లు ఫోటో పెడితే మూడు పేర్లు చెప్పింది, ఒకసారైతే పొద్దుతిరుగుడు అంది! చెన్నై వేళచ్చేరిలో మా వీధి చివర వాననీటి కాలవ పక్కన, నిండా పచ్చ పూలు, చామంతిలా. ఫోటో పెట్టాను. పేరు చెప్పండి చాలు, సాయంత్రంలోగా కావాలి.

ఆకు_అలము: పువ్వు ఒక్కటే ఉంది ఫోటోలో. ఆకు, కాడ పెట్టండి.

రిటైర్డ్ రైతు: ఇవన్నీ బయటనుంచి వచ్చిన దరిద్రాలేనమ్మా. వయ్యారిభామ సంగతి చూడండి. 1950ల్లో పూణే వైపు కనిపించింది, ఇప్పుడు అది లేని బీడు లేదు. దాన్ని తినడానికి మెక్సికో నుంచి పెంకు పురుగు తెప్పించి 1984లో బెంగుళూరులో వదిలారు. వానల్లో ఆకులన్నీ జల్లెడ చేస్తుంది, ఎండలు రాగానే మట్టిలో దూరి పడుకుంటుంది. మొక్క మాత్రం మళ్ళీ మొలుస్తుంది. కాంగ్రెస్ గడ్డి అంటారు గానీ అసలు అది గడ్డే కాదు.

ఆకు_అలము: దాని పువ్వు తెలుపు. అడిగింది అది కాదు.

మిద్దెతోట: పచ్చ పువ్వు అంటే ఆకుపచ్చా, పసుపా? సరిగ్గా రాయండి.

రిటైర్డ్ రైతు: పచ్చకామెర్లు వస్తే కళ్ళు ఏ రంగులో ఉంటాయి బాబూ? మా వైపు పసుపుని పచ్చ అనే అంటాం.

బాటనీ మాస్టారు: రంగు సరే, అది ఒక పువ్వూ కాదు. చామంతి కుటుంబంలో మనం పువ్వు అనుకునేది చిన్న చిన్న పూల గుత్తి. అంచున రేకులా కనిపించే ప్రతిదీ ఒక పువ్వే. దీన్ని శీర్షవత్ పుష్పవిన్యాసం అంటారు.

చిన్నమ్మడు: మాస్టారూ, పేరు...

మిద్దెతోట: గడ్డి చామంతి అయ్యుంటుంది. మా మిద్దె మీద కూడా వస్తుంది.

ఆకు_అలము: గడ్డి చామంతికి పొడుగు కాడ మీద ఒకే పువ్వు, అంచు రేకులు ఐదే, అవీ లేత మీగడ రంగు. ఈ ఫోటోలో రేకులు పదిదాకా ఉన్నాయి, అన్నీ పసుపే. ఆకు చూపిస్తే తప్ప చెప్పలేను.

చిన్నమ్మడు: ఆకులన్నీ అత్తయ్య కోసేసి తెచ్చుకున్నారండీ. ఇది తమిళంలో మంజళ్ కరిసలాంగణ్ణి అని, ఆకుకూరలమ్మే ఆవిడ కూడా ఇదే అమ్ముతుందని అంటున్నారు. జుట్టు నూనెలోకి, కొంచెం పప్పులోకి. సాయంత్రం వండుతారట.

ఆకు_అలము: ఇది కదా మొదట చెప్పాల్సింది!

బాటనీ మాస్టారు: మనవాళ్ళు పసుపు గుంటగలగర అనేది అదే. మామూలు గుంటగలగరకి తెల్లపూలు, దీనికి పసుపు. ఇది మన దేశపు మొక్కే. కానీ అచ్చం ఇలాంటి పువ్వుతోనే అమెరికా ఖండం నుంచి వచ్చింది ఇంకోటి ఉంది, స్ఫాగ్నెటికోలా ట్రైలోబేటా. నర్సరీల్లో వెడీలియా అంటారు. నేలను కప్పుతుందని డివైడర్ల మీద, పార్కుల్లో నాటారు. కణుపు కణుపుకీ వేళ్ళు దింపి పాకిపోతుంది. ప్రపంచంలో అతి చెడ్డ వంద దురాక్రమణ జాతుల జాబితాలో ఉంది.

ఆకు_అలము: రెండూ పాకుతాయి, పువ్వుతో తేడా పట్టలేరు. పసుపు గుంటగలగర ఆకు సన్నగా పొడుగ్గా, గరుకుగా ఉంటుంది. వెడీలియా ఆకు మెరుస్తుంది, పక్కలకి రెండు మొనలు పొడుచుకొస్తాయి. అన్ని ఆకులకీ మొనలు ఉండకపోవచ్చు, పది ఆకులు తీసి చూడండి.

మిద్దెతోట: ఏదైతేనేం, మురిక్కాలవ పక్క ఆకు పప్పులోకా!

చిన్నమ్మడు: మురిక్కాలవ కాదండీ, వాననీటి కాలవ.

రిటైర్డ్ రైతు: చెన్నైలో రెండూ ఒకటేనమ్మా.

చిన్నమ్మడు: చూశాను. పదింటిలో ఏడింటికి మొనలున్నాయి, మెరుస్తున్నాయి కూడా. అత్తయ్య ఒప్పుకోలేదు, ఆకుకూరలమ్మే ఆవిడని అడిగి చెప్తానన్నారు. ప్రస్తుతానికి పప్పులో టమాటా వేశాం. థ్యాంక్సండీ.

మిద్దెతోట: నిజం గుంటగలగర నారు ఎవరి దగ్గరైనా ఉందా? తాంబరం వైపైతే వచ్చి తీసుకుంటాను.