క్లచ్ జారుతున్న డీజిల్ స్విఫ్ట్: బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

డీజిల్‌స్విఫ్ట్14: 2014 బండి, లక్షా పది వేల కిలోమీటర్లు. నాలుగో గేర్‌లో తొక్కితే ఆర్‌పీఎం లేస్తోంది గానీ బండి లాగట్లేదు. ముందు కుడి షాక్ అబ్జార్బర్ కారుతోంది. అమ్మే ముందు ఖర్చు పెట్టాలా?

షెడ్డుమనిషి: క్లచ్ చేయించండి. టెస్ట్ డ్రైవ్‌లో మొదటి ఫ్లైఓవర్ ఎక్కగానే దొరికిపోతుంది. అప్పుడు కొనేవాడు క్లచ్ ఖర్చొక్కటే తగ్గించడు, ఇంజిన్నీ ఇలాగే వాడుంటారని దానికీ కోస్తాడు. గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ సెట్టుగా వేయించండి. ప్లేటు ఆనుకుని తిరిగే ఫ్లైవీల్ మీద వేడికి వచ్చే నీలి మచ్చలు, సన్న పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ చెమ్మగా ఉంటే అదీ మార్చాలి, లేకపోతే కొత్త ప్లేటు ఆయిల్ తాగి మళ్లీ జారుతుంది.

బేరగాడు: ఒప్పుకోను. అమ్మే బండికి మంచి సెట్టు ఎవరు వేయిస్తారు? చవక ప్లేటే పడుతుంది, ఆ సంగతి కొనేవాడికీ తెలుసు. రెండు షెడ్లలో ఎస్టిమేట్ రాయించుకుని చూపించండి. అంకె ఎదురుగా ఉంటే బేరం దాని చుట్టే తిరుగుతుంది. ఏజెంటు అయితే తన మెకానిక్‌తో ఇంతకంటే తక్కువలో చేయించుకుంటాడు, మీ బిల్లుకి విలువ కట్టడు.

షెడ్డుమనిషి: ఏజెంటు వరకు మీ మాట నిజమే. ఇంటి వాడకానికి కొనేవాళ్లు మాత్రం లాగని బండిని ముట్టుకోరు. షాక్‌లు జంటగానే మార్చాలి కాబట్టి అవి వదిలేసి చెప్పి అమ్మడం మేలు. ఇంజిన్ అసలు విప్పొద్దు, విప్పిన ఇంజిన్ అంటేనే జనానికి భయం.

కోల్డ్‌స్టార్ట్: కొనేవాళ్లు వచ్చేలోగా ఇంజిన్ వేడి చేసి పెట్టకండి. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ గలగల చల్లగా ఉన్నప్పుడే వినిపిస్తుందని తెలిసినవాళ్లు బానెట్ మీద చెయ్యి వేసి చూస్తారు. ఎర్రర్ కోడ్లు చెరిపినా స్కానర్‌లో మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే చెకింగులు) పూర్తి కాలేదని బయటపడుతుంది.

ఆర్‌సీబుక్: తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపెట్టడం 1872 కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ కింద మోసమే. 'యాజ్ ఈజ్' అని ఒక్క ముక్క రాస్తే చాలదు. డెలివరీ కాగితంలో ఛాసిస్ నంబర్, రీడింగ్, తేదీ, టైము, క్లచ్, షాక్ అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. టైము ఎందుకంటే, అదే రోజు సాయంత్రం యాక్సిడెంట్ కావచ్చు. యాక్సిడెంట్ పరిహారం మీద 2018లో వచ్చిన నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఆర్టీవో రికార్డులో పేరున్నవాడే ఓనర్, బాధ్యత అతనిదే అంది, బండి ఎన్ని చేతులు మారినా సరే. కాబట్టి పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 సంతకాలు చేసి ఏజెంటు చేతిలో పెట్టి ఊరుకోవద్దు. రాష్ట్రంలోపు అమ్మితే 14 రోజుల్లో ఆర్టీవోకి మీరే తెలపాలి.

డీజిల్‌స్విఫ్ట్14: లోన్ తీరింది, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఇంకా ఉంది.

ఆర్‌సీబుక్: అయితే క్లచ్ సంగతి తర్వాత. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 ముందు చూడండి. ఆ పేరు పోందే అడ్వాన్స్ తీసుకోకండి.