విమానంలో మన పెద్దవాళ్లని కసురుకోవడం: అలసటా, పొగరా, బట్టలు చూసి ఇచ్చే మర్యాదా?

గోదారిగట్టు:
పోయిన నెల అమ్మని దోహా నుంచి వెంటబెట్టుకుని తీసుకొచ్చాను. అర్ధరాత్రి విమానం. సీట్లు కలిసి దొరకలేదు, ఆవిడ నాకు రెండు వరసల ముందు కూర్చుంది. బీపీ మాత్ర వేసుకోవాలి. బెల్లు ఎక్కడుందో తెలీక, అటు వెళ్తున్న ఎయిర్‌హోస్టెస్‌ని "అమ్మా, కాసిని మంచినీళ్లు" అని అడిగింది. ఆ అమ్మాయి ఆగలేదు. అరచెయ్యి చూపించి "వెయిట్" అని వెళ్లిపోయింది. రెండోసారి అడిగితే హిందీలో ఏదో గట్టిగా అంది, చుట్టుపక్కల నలుగురూ తిరిగి చూశారు. ఇంతలో ముందు వరసలో టీషర్టు కుర్రాడు ఇంగ్లీషులో నీళ్లడిగితే నవ్వు, గ్లాసు రెండూ వచ్చాయి. నేను లేచి వెళ్లేసరికి అమ్మ మాత్రని కొంగున ముడేసుకుని కూర్చుంది.

అప్పటికి నేనేమీ అనలేదు. సంస్థ పేరు ఇక్కడ రాయను, ఏదైనా ఒకటే. అడగదలుచుకున్నది ఇది: వాళ్లది నిజంగా దురుసుతనమా, లేక టికెట్ కొన్నాం కాబట్టి ఊడిగం చెయ్యాలని మనమే అనుకుంటున్నామా? అమ్మ చదువుకున్నది కాదు, ఇంగ్లీషు రాదు. ఆ కుర్రాడికి దొరికింది ఆవిడకెందుకు దొరకలేదు?

వైజాగ్‌బీచ్:
మన ఆర్టీసీ కండక్టరు "చిల్లర లేకుండా ఎందుకెక్కావయ్యా, దిగు" అంటే నవ్వుకుని జేబులు తడుముకుంటాం. విమానంలో ఓ పిల్ల "వెయిట్" అంటే పోస్టు పెడతాం. చవక టికెట్ కొని మహారాజా మర్యాదలు కావాలంటే ఎలా బ్రదర్? కొన్నది సీటు, నవ్వు కాదు.

గ్యాలీకబుర్లు:
ఆరేళ్లు క్యాబిన్ క్రూగా చేసి మానేశాను, కాబట్టి అటు వైపు మాట నేను చెప్పాలి.

గోదారిగట్టు గారూ, మీ అమ్మగారు అడిగింది సీటుబెల్టు లైటు వెలుగుతున్నప్పుడైతే ఆ అమ్మాయి నీళ్లు తేకూడదు. అప్పుడు ఆమె చూడాల్సినవి వేరే. బ్యాగు దారికి అడ్డంగా ఉందా, ట్రే మూసిందా, కిటికీ తెర ఎత్తారా, బాత్రూంలో ఎవరైనా ఉన్నారా అని. నిబంధన ప్రకారం యాభై సీట్లకి ఒక్కరు. నూట ఎనభై సీట్ల విమానంలో నలుగురం. దేశంలో తిరిగేవాటిలో రోజుకి నాలుగు సెక్టార్లు వేసేవాళ్లు (ఒకసారి లేచి దిగితే ఒక సెక్టారు), నేల మీద దిగి మళ్లీ లేవడానికి మధ్య అరగంట. ఆ అరగంటలో సీటు జేబుల్లో చెత్త తీసేది కూడా మేమే. నాలుగో సెక్టారులో నా ముఖాన నవ్వు ఉందో లేదో నాకే తెలిసేది కాదు.

ఇంకోటి, ఇది మగవాళ్లు చదవాలి. పిలవడానికి బెల్లు ఉంటుంది. చాలామంది వేలితో నడుం మీద పొడిచి పిలుస్తారు. "ఏయ్ పాపా", "ష్ ష్" అంటారు. ఒక్క రోజులో ముప్పైసార్లు పొడిపించుకున్నాక ముప్పై ఒకటో మనిషి మీ అమ్మగారైతే, ఆవిడ మర్యాదగానే అడిగినా నా చెయ్యి ముందుగా లేస్తుంది. తప్పే. ఎలా జరుగుతుందో చెప్తున్నాను, అంతే.

2022 డిసెంబరులో ఇస్తాంబుల్ నుంచి ఢిల్లీ వచ్చే ఇండిగోలో భోజనం దగ్గర గొడవై, "నేను ఉద్యోగిని, మీ నౌకర్ని కాదు" అని మా వృత్తి అమ్మాయి ఒకామె అరిచిన వీడియో గుర్తుందా? సగం దేశం ఆమెకి పొగరన్నది. పోటీ సంస్థ జెట్ ఎయిర్‌వేస్‌కి అప్పటి సీఈవో సంజీవ్ కపూర్ మాత్రం ఆమె వైపు మాట్లాడాడు. నేను ఆ వీడియో మూడుసార్లు చూశాను. మొదటిసారి ఏడుపొచ్చింది.

జగిత్యాలరాజన్న:
చెల్లె, నీ కష్టం నీది, కాదంటలేను. మా ముచ్చట గూడ విను.

పద్దెనిమిదేండ్లు మస్కట్ల జేసిన. రెండేండ్లకోపాలి వచ్చుడు, పోవుడు. మొదటిపాలి పోయినప్పుడు ఏజెంటు మెడల కార్డు ఏసి తోలిండు, బర్రెకు బిళ్ల గట్టినట్టు. ఇమానమెక్కంగనే ఆ పిల్ల మా దిక్కు సూసిన సూపు ఇంక యాదికున్నది. ముందటోళ్లకు "గుడ్ ఈవినింగ్ సర్". మాకు "బైఠో, బైఠో". మా దగ్గరికి వచ్చేటాల్లకు కూర ఏమున్నదని అడుగుడు లేదు, డబ్బ పెట్టి పోవుడే. అప్పట్ల దిగేముందు ఫారాలు నింపాలె. మావోళ్లల్ల సగం మందికి రాయరాదు. నింపియ్యుమని అడిగితే కసిరింది. నేను పదోతరగతి, నా పెన్నుతోని ముందు మూడు వరుసలు, ఎనక మూడు వరుసలు నేనే నింపిన. ఇమానం దిగేదాక పాసుపోర్టులు నా ఒళ్లె ఉన్నయి.

మావోళ్లు గూడ తక్కువోళ్లు గాదు. సక్రం నేలకు తాకంగనే లేసి డబ్బలు దించుతరు. తాగి లొల్లి జేసినోళ్లను గూడ సూసిన. గని ఎవడో తాగిండని పక్కకు కూసున్న ముసలాయన మీద ఒర్లుడు ఏం న్యాయం?

గ్యాలీకబుర్లు:
రాజన్నా, దీనికి నా దగ్గర సమాధానం లేదు. మా గ్యాలీలో, అంటే విమానంలో మేం తిండి సర్దుకునే వంటగదిలో, గల్ఫ్ విమానాలకి ఒక ముద్దుపేరు ఉండేది, ఇక్కడ రాయలేను. కొత్తగా చేరిన పిల్లకి మొదటి వారంలోనే సీనియర్లు ఆ పేరు నేర్పేస్తారు. ఆ పేరుతో పాటే చూపు కూడా వస్తుంది.

లెక్కలమాస్టారు:
వైజాగ్‌బీచ్ గారి కండక్టరు పోలిక బాగుంది, కానీ అది ఆయనకే ఎదురు తిరుగుతుంది. కండక్టరు తిట్టేది మన భాషలో. అందరినీ ఒకేలా తిడతాడు, కండువా వేసుకున్నవాణ్ణీ వదలడు. అన్నిటికంటే ముఖ్యం, మనం తిరిగి అనొచ్చు. "నువ్వే చిల్లర తెచ్చుకోవాలి గదయ్యా" అంటే బస్సంతా నవ్వుతుంది, అక్కడితో సరి.

విమానంలో తిరిగి అనండి చూద్దాం. 2017లో డీజీసీఏ, అంటే విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, తెచ్చిన నిబంధనల్లో ప్రయాణికుడి దురుసుతనానికి మూడు మెట్లున్నాయి. నోటిమాటా, సైగా మొదటి మెట్టు, మూడు నెలల దాకా ఎక్కనివ్వరు. చెయ్యి తగిలితే రెండోది, ఆరు నెలల దాకా. ప్రాణాపాయం తెచ్చేది మూడోది, రెండేళ్లు, ఆపైన. విచారణకి రిటైర్డ్ జిల్లా జడ్జి ఉన్న కమిటీ, ముప్పై రోజుల గడువు. పద్ధతిగా ఉంది, నాకు అభ్యంతరం లేదు. మరి సిబ్బంది మాట జారితే? మెట్లు లేవు, జడ్జి లేడు. ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెడితే సంస్థకే పంపుతారు, సంస్థ "చింతిస్తున్నాం" అని ఓ మెయిల్ పంపుతుంది.

శిక్ష పడినచోట కూడా చూడండి. 2022 నవంబరులో న్యూయార్క్–ఢిల్లీ ఎయిరిండియాలో పెద్దావిడ మీద ఒకడు మూత్రం పోసిన కేసు. వాణ్ణి చూడనని చెప్పినా క్షమాపణ పేరుతో సిబ్బంది తన ఎదుటికే తెచ్చారని ఆవిడ ఫిర్యాదులో రాసింది. డీజీసీఏ సంస్థకి 30 లక్షల జరిమానా వేసింది, పైలట్ లైసెన్సు మూడు నెలలు ఆపింది. అదీ దేశమంతా గోల అయ్యాక. మంచినీళ్ల గ్లాసు కోసం దేశం గోల చెయ్యదు.

వైజాగ్‌బీచ్:
మాస్టారూ, తిరిగి అనే హక్కు ఇస్తే రోజూ గాల్లో కొట్టుకుంటారు. అది మూసిన డబ్బా, ముప్పై వేల అడుగుల ఎత్తు. బస్సయితే ఆపి దింపుతాం.

లెక్కలమాస్టారు:
కొట్టుకోమనలేదు నాయనా. ఒకరి నోరు కట్టినప్పుడు రెండోవాళ్ల నోటికీ లెక్క ఉండాలన్నాను.

డాలస్‌బావ:
మా ఇళ్లలో దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు: వీల్‌చైర్. పొలం గట్ల మీద పరుగెత్తే మామగారు కూడా డాలస్ వచ్చేటప్పుడు చక్రాల కుర్చీలోనే. మోకాళ్లు బాగున్నాయి, ఇంగ్లీషే బాలేదు. కుర్చీ తోసేవాడు గేటు దాకా దిగబెడతాడు, ఎవరూ ఏమీ అడగరు. సీనియర్ సిటిజన్ల మోకాళ్ల మీద వైమానిక సంస్థలు తలపట్టుకుంటున్నాయంటే అందులో మన భాషల వాటా ఉంది. ఇక భోజనం: "చికెన్ ఆర్ పాస్తా?" అన్న ప్రశ్నకి మా అత్తగారు పధ్నాలుగు గంటలు బన్నుతో, పెరుగు కప్పుతో గడిపింది. అడిగినామె రెండోసారి అడగలేదు.

ఇక్కడి ఎయిర్‌హోస్టెస్‌లు ఇంకోరకం. యాభై దాటినవాళ్లు, యూనియన్ ఉంది, ముందు భద్రత అంటారు, నవ్వు తర్వాత. జీతం కూడా చాలా సంస్థల్లో విమానం తలుపు మూశాకే మొదలు. మన పెట్టెలు పైకెక్కించే ఆ ముప్పావుగంట ఊరికే చేసినట్టు. ఇక్కడి డెల్టా ఎయిర్‌లైన్స్ 2022లో ఆ సమయానికి సగం జీతం మొదలెట్టింది. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడాలో పదివేల మంది సమ్మె చేసింది ముఖ్యంగా ఈ నేలపని జీతం కోసమే. కాబట్టి ఎక్కేటప్పుడు కసురుకున్న మనిషికి ఆ నిమిషాన జీతమే లేకపోవచ్చు. ఇది తెలిశాక నాకు కోపం తగ్గింది. అత్తగారికి చెప్తే ఆవిడకి తగ్గలేదు.

తెలుగువెలుగు99:
ఇంత రాసి విజయవాడ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2022 సెప్టెంబరు, విజయవాడ–హైదరాబాద్ ఇండిగో. 2ఏ సీటులో కూర్చున్న తెలుగావిడకి ఇంగ్లీషు, హిందీ రావని లేపి 3సీలో కూర్చోబెట్టారు. భద్రత అన్నారు. తోటి ప్రయాణికురాలు ట్విట్టర్లో పెడితే, అప్పటి మంత్రి కేటీఆర్ స్థానిక భాషల్ని గౌరవించమని సంస్థకి బహిరంగంగా రాశారు. బయల్దేరింది తెలుగు ఊరు, దిగేది తెలుగు ఊరు, మధ్యలో తెలుగు ప్రమాదమైంది.

గ్యాలీకబుర్లు:
దీని మీద మాత్రం నేను తగ్గను. అది అత్యవసర ద్వారం వరస. అక్కడ కూర్చున్నవాళ్లు మేం చెప్పిన మాట అర్థం చేసుకుని తలుపు తియ్యగలగాలి. అర్థం కాదని తెలిసీ కూర్చోబెడితే మా ఉద్యోగం పోవాలి. నిండు విమానాన్ని సగం తలుపులతో తొంభై సెకన్లలో ఖాళీ చెయ్యొచ్చని రుజువు చూపితేనే ఆ రకం విమానానికి అనుమతి. ఆ తొంభై సెకన్లలో మేం "దయచేసి" అనం, అరుస్తాం. అరవడం మాకు శిక్షణలో నేర్పుతారు. 2024 జనవరి 2న టోక్యో హనెదాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం తగలబడితే, అందులోని 379 మందీ బతికి బయటపడ్డారు. అది నవ్వుతో అయ్యే పని కాదు.

తెలుగువెలుగు99:
సరే, సీటు మార్చడం రూలే. మరి ఆ మాట ఆవిడకి తెలుగులో చెప్పేవాళ్లు ఆ విమానంలో ఎందుకు లేరు? మీరు చెప్పిన తొంభై సెకన్లు 3సీలో కూర్చున్నా ఆవిడకి అవసరమేగా. "బ్యాగు వదిలెయ్, గెంతు" అని ఏ భాషలో అరుస్తారు?

గ్యాలీకబుర్లు:
...ఇది నేను ఆలోచించలేదు. మాకు అరుపులు ఇంగ్లీషులోనూ హిందీలోనూ నేర్పారు. ఆరేళ్లలో తెలుగులో ఒక్కసారి కూడా సాధన చెయ్యలేదు, నేను తెలుగుదాన్నై ఉండి.

జగిత్యాలరాజన్న:
గదే చెల్లె. నీళ్లు గాదు అసలు సంగతి. మాట అందాలె.

వైజాగ్‌బీచ్:
తెలుగు వచ్చిన పిల్లల్ని పెడితే మర్యాద వచ్చేస్తుందా? మన కౌంటర్లలో తెలుగువాళ్లే కూర్చుంటారు. పంచె కట్టుకెళ్లి చూడండి.

లెక్కలమాస్టారు:
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. గ్యాలీకబుర్లు గారూ, మీరన్నాక గుర్తు చేసుకుంటే మొదటిసారి అడిగినప్పుడు లైటు వెలిగే ఉంది. రెండోసారి ఆరిపోయింది, అది మాత్రం ఖాయం. ఆ రెండోసారికే ఫిర్యాదు పెట్టాను, సీటు నంబరు, టైముతో సహా. మాస్టారు చెప్పిన మెయిలే వచ్చింది, అక్షరం తేడా లేదు.

ఈ చర్చంతా అమ్మకి చదివి వినిపించాను. రాజన్న గారి ఫారాల దగ్గర "అయ్యో" అంది. ఆ అమ్మాయి గురించి ఏమీ అనలేదు. కోపమల్లా నా మీదే: "చదువుకున్నది కాదని ఎందుకు రాశావురా, ఐదో తరగతి పాసయ్యాను" అని. వీల్‌చైర్ మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. సంక్రాంతి తర్వాత ఆవిడ మళ్లీ విమానం ఎక్కాలి, టికెట్ ఇంకా తియ్యలేదు.