కె కు నిజమని ముందే అనుకుంటే ఇక నిరూపించడం ఎందుకు?

కృష్ణాతీరం:
బీటెక్ కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం. ఇంటర్‌లో 1ఎ, 1బి రెండింటిలోనూ 75కి 75 వచ్చాయి. ఇక్కడ వివిక్త గణితం (డిస్క్రీట్ మ్యాథ్స్) మొదటి మిడ్‌లో 30కి 9. లెక్క చూడగానే సూత్రం గుర్తు తెచ్చుకోవడమే రెండేళ్లు నేర్చుకున్నాను. ఇప్పుడు సూత్రం లేదు, ‘నిరూపించండి’ అంటున్నారు. గణితానుగమనంలో, అంటే మొదటి సంఖ్యకు చూపి ఒక్కో సంఖ్య నుంచి తరువాతిదానికి వెళ్లే నిరూపణలో, ‘ఎన్ = కె కు నిజమనుకుందాం’ అంటారు. తేల్చాల్సినదాన్నే ముందుగా అనుకుంటే అది నిరూపణ ఎలా అవుతుంది? ‘పి అయితే క్యూ’లో పి అసత్యమైతే మొత్తం వాక్యం సత్యమెలా అవుతుంది? ఏ పుస్తకం చదవాలి?

రాత్రిదీపం:
నా బాధ వినండి. 1 నుంచి ఎన్ వరకు మొత్తం ఎన్(ఎన్+1)/2 అని నిరూపించమన్నారు. నేను సున్నాతో మొదలుపెట్టాను. ‘సహజ సంఖ్యలు 1తో మొదలవుతాయి’ అని ఎర్రగీత, 5 మార్కులు పోయాయి. సున్నాకు కూడా చూపానంటే అడిగినదానికంటే ఎక్కువే నిరూపించినట్టు కదా?

లెక్కల మాస్టారు:
దిద్దినవారి తప్పేమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఇంటర్‌కు చెబుతున్నాను. సహజ సంఖ్యలు 1, 2, 3. సున్నా చేరితే పూర్ణాంకాలు. ఇది ఆరో తరగతి పాఠం.

సర్వర్‌గది:
మాస్టారూ, శూన్య సమితిలో మూలకాలెన్ని? ఆ జవాబు సహజ సంఖ్య కాకపోతే మరేమిటి? సి, జావా, పైథాన్ మూడింటిలోనూ వరుసలో తొలి స్థానం 0. గణిత గుర్తులకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 80000-2 కూడా సున్నాను సహజ సంఖ్యల్లోనే చేర్చింది. పద్నాలుగేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాను, ఈ సంగతి నాకు బాగా తెలుసు.

లెక్కల మాస్టారు:
ప్రమాణాల పేర్లు చెప్పి బెదిరించవద్దు. సహజ సంఖ్యలకు మూల సూత్రాలు రాసిన ఇటలీ గణితవేత్త పెయానో 1889లో 1తోనే మొదలుపెట్టాడు.

సర్వర్‌గది:
తరువాత ఆయనే సున్నాకు మారాడు. సగం చరిత్ర చెప్పి పిల్లల మార్కులు కోయడం న్యాయం కాదు.

పాతబస్తీ విద్యార్థి:
నేనైతే మొదటి ఐదు విలువలు వేసి, సరిపోయింది అని రాసేస్తాను. సగం మార్కులు వస్తున్నాయి.

అనంత:
దయచేసి కొత్తవాళ్లకు ఇది నేర్పకండి, నాకు కోపం వస్తోంది. ఎన్ వర్గం + ఎన్ + 41 తీసుకోండి. 0 నుంచి 39 వరకు ఏ విలువ వేసినా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 వేస్తే 1681, అంటే 41 × 41. నలభై సార్లు నిజమైంది నలభై ఒకటోసారి కూలిపోయింది.

కృష్ణాతీరం తమ్ముడూ, ‘కె కు నిజం’ అని మనం ప్రకటించడం లేదు. ‘కె కు నిజమైతే కె+1 కు కూడా నిజం’ అన్న లంకెను మాత్రమే నిరూపిస్తున్నాం. లంకె ఒక్కటే చాలదు. ‘ప్రతి సంఖ్యా తన తరువాతి సంఖ్యకు సమానం’ అనే అబద్ధాన్ని తీసుకో. కె = కె+1 అనుకుంటే, రెండు వైపులా 1 కలిపితే కె+1 = కె+2. లంకె చక్కగా కుదిరింది! మొదటి మెట్టు దగ్గర 1 = 2 కాదు కాబట్టి అంతా పోయింది. నేను మొదటిసారి ఈ పరీక్ష తప్పి, ఈ ఉదాహరణ దగ్గరే మేలుకున్నాను.

ఛందోమంజరి:
నాకు ఈ సబ్జెక్టు తెలుగు పద్యం వల్ల వచ్చింది. ప్రస్తారం (అమరికలు వేయడం) అనే మాట మనకు ఛందస్సులోనూ ఉంది, ఇంటర్ లెక్కల్లోనూ ఉంది. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకు? ఒక్కో అక్షరం గురువో లఘువో కనుక 2 × 2 × 2.

పాతబస్తీ విద్యార్థి:
పద్యాలు ఇక్కడ ఎందుకండీ? మాకు మార్కులు కావాలి.

ఛందోమంజరి:
మార్కులే వచ్చాయి, అందుకే చెబుతున్నాను. ‘యమాతారాజభానసలగం’ బడిలో వల్లె వేశారు కదా. అందులో ఎక్కడి నుంచైనా వరుసగా మూడక్షరాలు తీసుకోండి: యమాతా య గణం, మాతారా మ గణం, నసల న గణం. ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి. చివరి ల, గం తీసేసి మిగిలిన ఎనిమిదింటినీ చక్రంలా తిప్పినా అంతే. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని డి బ్రూయిన్ వరుస అంటారు. ఇంకొకటి: లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఐదు మాత్రలు ఎన్ని విధాలుగా అమరుతాయి? చివర లఘువుంటే ముందు నాలుగు మాత్రలు, గురువుంటే మూడు. 5 + 3 = 8. మీ పుస్తకంలో ఫిబొనాచీ పేరుతో ఉన్న పునరావృత సంబంధం (ముందు రెండు విలువలు కలిపితే తరువాతిది) ఇదే. జైన పండితుడు హేమచంద్రుడు 12వ శతాబ్దంలోనే రాశాడు.

సర్వర్‌గది:
మాత్రలు సున్నా అయితే అమరిక ఒకటే, ఖాళీ అమరిక. చూశారా మాస్టారూ, అక్కడా సున్నా కావాలి.

కృష్ణాతీరం:
కాగితం మీద వేసి చూశాను, ఎనిమిదీ వచ్చాయి! లంకె సంగతి కూడా అర్థమైంది అక్కా. ‘పి అయితే క్యూ’ ఇంకా మింగుడుపడలేదు. పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదు.

అనంత:
మా నాన్న ‘క్లాసులో ఫస్టు వస్తే సైకిలు కొంటాను’ అన్నారు. నేను ఫస్టు రాలేదు, అయినా కొన్నారు. మాట తప్పారా? కొనకపోయినా తప్పినట్టు కాదు. ఫస్టు వచ్చాక కొనకపోతేనే తప్పినట్టు. సత్య పట్టికలో (పి, క్యూల సత్యాసత్యాలన్నీ వేసే పట్టికలో) అసత్యం పడేది ఆ ఒక్క వరుసలోనే.

లెక్కల మాస్టారు:
ఉదాహరణ బాగుందమ్మా. ఇక సున్నా మాట. జవాబు మొదటి వరుసలోనే ‘ఇక్కడ సహజ సంఖ్యలు 0తో మొదలు’ అని రాసి ఉంటే నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

రాత్రిదీపం:
రాశాను మాస్టారూ. ఎర్రగీత గీసింది ఆ వరుస మీదే.